‘ప్రాసెస్ మొదలైంది’ అంటే ఎక్కడిదాకా వచ్చినట్టు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయనగరం. నాన్నగారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నాకు 27 ఏళ్లు. విశాఖలో ఒక ఐటీ కంపెనీలో ఐదేళ్లుగా చేస్తున్నాను. ఇంటి లోను ఈఎంఐ నెలకు 18,500 నేనే కడుతున్నాను. తమ్ముడు బీటెక్ రెండో ఏడాది. శ్రీకాకుళం వాళ్ల సంబంధం కుదిరింది. అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చేసి, న్యూజెర్సీలోనే ఉద్యోగంలో చేరారు. రెండేళ్ల కిందట అక్కడే హెచ్-1బి, అంటే ఉద్యోగ అనుమతి, వచ్చింది. మంచి మనిషి, రోజూ మాట్లాడుకుంటున్నాం. డిసెంబరు 20 నుంచి మూడు వారాలు సెలవు దొరికిందట. పంతులుగారేమో అప్పటికి ధనుర్మాసం, ముహూర్తాలు లేవంటున్నారు. డిసెంబరులో రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టేసి, ఆ సర్టిఫికెట్‌తో వీసాకి వేసేద్దాం, పెళ్లి వైశాఖంలో ఘనంగా చేద్దాం అని వాళ్లవాళ్లు అంటున్నారు. మా అమ్మ ‘తాళి పడకుండా సంతకాలేటే తల్లీ’ అని ఒకటే గోల. నా నోటీసు పీరియడ్ మూడు నెలలు కాబట్టి ఇప్పుడే రిజైన్ చేసేయమంటున్నారు. గ్రీన్ కార్డు ప్రాసెస్ మొదలైందని, అక్కడ నాకు వర్క్ పర్మిట్ వచ్చేస్తుందని అబ్బాయి చెప్పారు. ఆ ధైర్యంతోనే నాన్నగారు పెళ్లికి ఎనిమిది లక్షలు అప్పు చేయబోతున్నారు. అంతా బాగానే ఉంది, నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఊరికే టెన్షన్ పడుతున్నానా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ఊరికే పడటం లేదు. నీ ఉత్తరంలో అందరూ ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నారు. పంతులుగారు పంచాంగం చూశారు, అబ్బాయి సెలవు చూసుకున్నాడు, మీ నాన్నగారు అప్పు లెక్క చూసుకున్నారు. నీ జీతం ఎన్నాళ్లు ఆగిపోతుందన్న లెక్క మాత్రం ఎవరూ వేసినట్టు లేదు. ఆ లెక్క నీ ఒక్కదాని బుర్రలోనే తిరుగుతోంది, అందుకే నిద్ర పట్టడం లేదు.

ముందు ‘ప్రాసెస్ మొదలైంది’ అన్న మాట దగ్గర ఆగుదాం. ఇది మనవాళ్లు ‘ఇల్లు కడుతున్నాం’ అన్నట్టే. స్థలం కొన్నా ఆ మాటే అంటారు, స్లాబు వేసినా ఆ మాటే అంటారు. అబద్ధమని కాదు. అబ్బాయి కంపెనీ లాయరు ఒకసారి ఫోన్ చేసి రెజ్యూమె పంపమన్నా ప్రాసెస్ మొదలైనట్టే. నీ ఉద్యోగానికి మాత్రం ఇందులో ఒక్క మెట్టే లెక్క.

నువ్వు వెళ్లేది హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి భార్యగా. ఆ వీసాతో అక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. చేయాలంటే ఈఏడీ అని విడిగా ఒక కార్డు కావాలి. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకి ఆ కార్డు ఇస్తున్నారు. అందరికీ కాదు. గ్రీన్ కార్డు కోసం భర్త తరఫున కంపెనీ వేసిన ఐ-140 అనే పిటిషన్ మంజూరై ఉండాలి. లేదంటే, గ్రీన్ కార్డు కాగితాలు ఎప్పుడో దాఖలై ఉండటం వల్ల ఆయన హెచ్-1బిని ఆరేళ్లు దాటాక కూడా పొడిగించి ఉండాలి. ఈయనకి హెచ్-1బి వచ్చి రెండేళ్లే కాబట్టి రెండోది వర్తించదు. మిగిలింది ఐ-140 ఒక్కటే.

ఆ ఐ-140 వెయ్యాలంటే దానికి ముందు పెర్మ్ అనే ఘట్టం ఉంది. ఈ ఉద్యోగానికి ఆ ఊళ్లో ఎంత జీతం ఇవ్వాలో అక్కడి కార్మిక శాఖ తేల్చాలి. తర్వాత కంపెనీ ప్రకటనలిచ్చి, అమెరికా వాళ్లెవరూ దొరకలేదని చూపించాలి. ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకుని కూర్చోవాలి. ఈ మధ్య ఈ మొత్తానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలైపోయింది. అది దాటితే ఐ-140ది పెద్ద పని కాదు, అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో వేస్తే మామూలు కేసుల్లో 15 పనిదినాల్లో తేల్చేస్తారు. పెర్మ్‌లో ఉండగా అబ్బాయి కంపెనీ మారితే మాత్రం మళ్లీ ఒకటి నుంచి లెక్క. మంజూరయ్యాక 180 రోజులు గడిస్తే, ఆ తర్వాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ మంజూరు సాధారణంగా చెల్లుబాటులోనే ఉంటుంది, నీ ఈఏడీకీ ఆధారంగా పనికొస్తుంది.

కాబట్టి అబ్బాయిని ‘వర్క్ పర్మిట్ వస్తుందా’ అని అడగకు. వస్తుందనే అంటాడు, మనస్ఫూర్తిగానే అంటాడు. ‘పెర్మ్ ఫైల్ అయిందా, ఏ నెలలో? ఐ-140 మంజూరైందా? అయితే మంజూరైనట్టు వచ్చిన ఐ-797 నోటీసు ఒకసారి పంపుతారా?’ అని అడుగు. ‘వచ్చే రెండేళ్లలో కంపెనీ మారే ఆలోచన ఉందా’ అని కూడా కలుపు.

అడగడానికి మొహమాటంగా ఉంటుందని తెలుసు. మన ఉత్తరాంధ్రలో ఆడపిల్ల తరఫువాళ్లు కాగితం చూపించమంటే ‘నమ్మకం లేదా’ అన్న మాట వెంటనే వస్తుంది. మరి నీ జాతకం వాళ్లు అడగలేదా? పుట్టిన టైము నిమిషాలతో సహా ఇచ్చి ఉంటారు. నువ్వడిగేదీ జాతకమే. కాకపోతే ఇది అమెరికా వాళ్లు రాసింది, ఇందులో గ్రహాలు కొంచెం నెమ్మదిగా తిరుగుతాయి.

ఐ-140 మంజూరై ఉంటే నీ దారి సులువు. వెళ్లాక ఈఏడీకి వేసుకుంటావు, కొన్ని నెలలు పడుతుంది, తర్వాత ఎవరి దగ్గరైనా పని చేయొచ్చు. ఇక్కడి నుంచే వేసుకుని కార్డు చేత పట్టుకుని విమానం ఎక్కడం కుదరదు, హెచ్-4 మీద అక్కడికి చేరాకే వెయ్యాలి. ఇంకో మెలిక ఉంది. రెన్యువల్ వేసి ఎదురుచూస్తున్నప్పుడు పాత కార్డు గడువు దానంతటదే పెరిగే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి దాన్ని తీసేశారు. ఆరు నెలల ముందే రెన్యువల్ పెట్టుకోకపోతే మధ్యలో ఉద్యోగం ఆగిపోతుంది. ఈ కార్డే ఎత్తేయాలని వేసిన కేసు ఒకటి ఏళ్ల తరబడి నడిచింది. 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకోలేదు కాబట్టి ప్రస్తుతానికి కార్డు ఉంది.

పెర్మ్ ఇంకా మొదట్లోనే ఉంటే, రెండేళ్లు నీ చేతికి జీతం రాదనుకునే లెక్క వేసుకో. మూడేళ్లయినా ఆశ్చర్యపోకు.

మా పెదనాన్నగారి మనవరాలొకతె ఇలాగే బ్యాంకు ఉద్యోగం వదిలి వెళ్లింది. బొబ్బిలి పిల్ల, లెక్కల్లో దిట్ట. ‘ఆరు నెలల్లో వచ్చేస్తుంది’ అన్న కార్డు నాలుగేళ్లకి వచ్చింది. మొగుడు మంచివాడే, ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా కూరగాయలకి కార్డు గీకిన ప్రతిసారీ అతని ఫోనుకి మెసేజ్ వెళ్తుంటే ఎలా ఉండేదో చెప్పింది. అతను చూడకపోయినా తనకి మాత్రం గుర్తుండేదట. ఆ నాలుగేళ్లూ పుట్టింటికి ఒక్క రూపాయి పంపలేకపోయింది. భర్తని అడిగితే ఇచ్చేవాడే, అడగలేకపోయింది. నువ్వు నెలనెలా 18,500 కట్టే పిల్లవి కాబట్టి ఇది నీకు చెబుతున్నాను.

ఇప్పుడు డిసెంబరు సంతకాల సంగతి. మీ అమ్మగారిది చాదస్తమని ఇంట్లో ఎవరైనా అంటుంటే, ఆవిడ అన్నదే 2024లో మన సుప్రీంకోర్టు అన్నదని చెప్పు. జస్టిస్ నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఒక జంట కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఏదో ఒక పక్షం ఆచారం ప్రకారం తంతు జరగాలి. 8వ సెక్షన్ కింద చేసే రిజిస్ట్రేషన్ జరిగిన పెళ్లికి రుజువే తప్ప, జరగని పెళ్లిని జరిగినట్టు చేయలేదు. విదేశీ వీసాల కోసం, టైము కలిసొస్తుందని, పెళ్లికి ముందే సర్టిఫికెట్ తీసుకునే అలవాటు పెరుగుతోందని ఆ తీర్పులోనే ప్రస్తావించి తప్పుబట్టారు. అచ్చం మీవాళ్ల ప్లానే.

అంటే ఆ సర్టిఫికెట్ పట్టుకుని నువ్వు కాన్సులేట్‌లో ‘మాకు పెళ్లయింది’ అని చెబితే, చట్టం దృష్టిలో కానిదాన్ని అయిందని చెప్పినట్టు. ‘పెళ్లి ఫొటోలేవి?’ అని అడిగితే ఏం చూపిస్తావు? వైశాఖంలో పెళ్లి, ఫిబ్రవరిలో భార్య వీసా, ఆ తేదీలు ఎవరికి చెప్పుకుంటావు? ఇంకో పక్క నుంచి చూడు. ఈలోగా ఏదైనా తేడా వచ్చి సంబంధం తప్పిపోతే, కాగితం మీద నీకు పెళ్లయినట్టు, తంతు పరంగా కానట్టు. దాన్ని సరిచేసుకోవడానికి కోర్టుకెళ్లాలి. అలా తిరిగి తిరిగి వచ్చినవాళ్లని చూశాను. ‘ఉత్త సంతకాలే కదా’ అని పెట్టినవాళ్లే అందరూ.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే తంతు అక్కర్లేదు కదా అంటావేమో. నిజమే. కానీ దానికి 30 రోజుల నోటీసు ఉంది, నోటీసు ఇచ్చేనాటికి ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటుండాలి. నువ్వున్నావు కాబట్టి ఆ రెండోది ఫరవాలేదు. మూడు వారాల సెలవులో ముప్పై రోజుల నోటీసు ఎలా పడుతుంది?

నా మాటైతే, నిజంగా పెళ్లి చేసేసుకుని రిజిస్టర్ చేయించుకోండి. ధనుర్మాసం మొదలయ్యే డిసెంబరు 16 లోపు అబ్బాయి సెలవు జరుపుకోగలిగితే, పంతులుగారు చెప్పిన రోజున రామతీర్థంలోనో, వాళ్లకి దగ్గరని అరసవల్లిలోనో, యాభై మందితో తాళి కట్టించి, ఏడడుగులు నడిపించి, మర్నాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లండి. ఊరందరికీ భోజనాలు వైశాఖంలో పెట్టుకోవచ్చు, దానికి పెళ్లికొడుకు రాలేకపోయినా కొంప మునగదు. సెలవు జరగదంటే చట్టానికి ధనుర్మాసం తెలియదు, ఆ రోజుల్లో చేసుకున్నా పెళ్లి పెళ్లే. కానీ మీ ఇళ్లల్లో పెద్దలు దానికి ఒప్పుకుంటారని నేననుకోను, నువ్వు ఆ పోట్లాటకి దిగొద్దు కూడా. మాఘం దాకా ఆగండి. రెండు నెలలు ఆగినందుకు చెడిపోయే సంబంధమైతే అది ఇప్పుడే తెలియడం మంచిది.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది అదే.

అబ్బాయి ఎమ్మెస్‌కి వెళ్లాడు, అక్కడే హెచ్-1బికి మారాడు అన్నావు. ఆ తర్వాత ఇండియా వచ్చి వెళ్లాడా? రాకపోతే ఆయన పాస్‌పోర్టులో ఉన్నది పాత స్టూడెంట్ వీసా ముద్రే. అమెరికాలో ఉన్నంతకాలం దాంతో ఇబ్బంది లేదు. పెళ్లికని ఇక్కడికి వస్తే మాత్రం, తిరిగి వెళ్లడానికి ముందు కాన్సులేట్‌లో హెచ్-1బి స్టాంపింగ్ చేయించుకోవాలి, ఇంటర్వ్యూతో సహా. అంటే నీ వీసా కన్నా ముందు ఆయన వీసా.

2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులందరి సోషల్ మీడియా ఖాతాలు చూడటం మొదలుపెట్టారు, అవి పబ్లిక్‌లో పెట్టమన్నారు. అది మొదలవుతూనే డిసెంబరులో అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లలో చాలామందికి తేదీలు మార్చికీ ఆ తర్వాతకీ జరిగాయి. పెళ్లిళ్లకని, తల్లిదండ్రుల్ని చూసుకుందామని వచ్చినవాళ్లు నెలల తరబడి ఇక్కడే ఇరుక్కుపోయారు. కొందరికి కంపెనీలు ఇక్కడి నుంచి పని చేయనిచ్చాయి, కొందరికి ఇవ్వలేదు. ఆయన ఉద్యోగం పోతే ఆయన హెచ్-1బి ఉండదు, అది లేకపోతే నీ హెచ్-4 లేదు. అక్కడ ఉండగా ఉద్యోగం పోయినా, మామూలుగా ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 60 రోజులే.

కాబట్టి వరస మార్చండి. ముందు అబ్బాయి స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ దొరకాలి, దాన్నిబట్టి సెలవు, సెలవుని బట్టి ముహూర్తం. ఇప్పుడు మీరు దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. స్టాంపింగ్ ఆలస్యమైతే ఇండియా నుంచి పని చేయనిస్తారా అని ఆయన మేనేజర్‌ని ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి. హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు అన్నారు కదా, అది ఈయనకీ పడుతుందా అని మీ నాన్నగారు భయపడుతుంటే, పడదు. అది 2025 సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకి పెట్టింది. ఆయనది అంతకుముందే మంజూరైంది, స్టాంపింగ్‌కి దానితో సంబంధం లేదు.

నీ హెచ్-4 సంగతి తేలికే. మన రాష్ట్రానికి హైదరాబాద్ కాన్సులేట్, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఫీజు 205 డాలర్లు. పెళ్లి సర్టిఫికెట్, ఫొటోలు, ఆయన ఐ-797, పే స్లిప్పులు. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి రావడమే. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పబ్లిక్‌లో పెట్టాలి కాబట్టి, నిశ్చితార్థం రీల్స్‌కి మీ పిన్నివాళ్లు పెట్టిన కామెంట్లు కూడా అమెరికా ఆఫీసరు చదువుకుంటాడు, అదొక్కటి ఓర్చుకోవాలి. కొన్నిసార్లు ఇంటర్వ్యూ బాగా జరిగినా అదనపు పరిశీలన అని పాస్‌పోర్టు కొన్ని వారాలు అట్టేపెట్టుకుంటారు.

అందుకే రాజీనామా ఇప్పుడు చేయొద్దు. పెళ్లయ్యాక కూడా చేయొద్దు. వీసా ముద్రతో పాస్‌పోర్టు నీ చేతికి తిరిగొచ్చిన రోజున చెయ్యి. ఆ తర్వాత మూడు నెలల నోటీసు అంటే మూడు నెలల జీతం, మూడు నెలల ఈఎంఐ. వీసా వచ్చిన మర్నాడే వెళ్లాలని ఎక్కడా లేదు. ‘కొత్త పెళ్లికూతురు మొగుడి దగ్గరికి వెళ్లకుండా ఉద్యోగమేంటి’ అంటారు. అననీ. కాన్సులేట్ వాళ్లు ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియని వీసా కోసం చేతిలో ఉన్న ఉద్యోగం వదలమనడం కంటే ఆ మాట పడటం తేలిక.

రాజీనామాకి ముందు కంపెనీలో ఒక మాట అడుగు. మీ కంపెనీకి అమెరికాలో ఆఫీసు ఉంటే ఎల్-1 మీద, అంటే కంపెనీ తన ఉద్యోగిని అక్కడి ఆఫీసుకి బదిలీ చేసే వీసా మీద, పంపే అవకాశం ఉందా అని. గత మూడేళ్లలో కనీసం ఏడాది వరసగా ఆ కంపెనీలోనే చేసి ఉండాలి, నీకు ఐదేళ్లున్నాయి. మేనేజరు స్థాయి గానీ, ఆ కంపెనీకే ప్రత్యేకమైన సాంకేతిక పరిజ్ఞానం గానీ చూపించాలి కాబట్టి అందరికీ రాదు. కానీ దానికి హెచ్-1బిలా లాటరీ లేదు, ఆ లక్ష డాలర్లూ లేవు. అడిగితే పోయేదేమీ లేదు. అది కుదిరితే నువ్వు ఎవరి వీసా మీదా ఆధారపడవు.

ఇంకో దారి హెచ్-4 మీద వెళ్లి, అక్కడ నుంచే ఒక కంపెనీ ద్వారా నీ పేరు మీద హెచ్-1బికి ప్రయత్నించడం. మార్చిలో లాటరీ, వస్తే అక్టోబరు నుంచి ఉద్యోగం. ఇక్కడి నుంచి వేస్తే లక్ష డాలర్లు పడుతుంది, అక్కడ ఉండి హెచ్-4 నుంచి హెచ్-1బికి మారితే పడదని 2025 అక్టోబరులో వాళ్ల ఇమిగ్రేషన్ శాఖ తేల్చి చెప్పింది. ఆ లక్ష డాలర్ల ఉత్తర్వు ఏడాది గడువుతో తెచ్చింది, నువ్వు వెళ్లేనాటికి దాని స్థితి ఏమిటో లాయరుని అడిగి కనుక్కో. లాటరీ లాటరీయే, దాన్ని చూసుకుని అప్పు చేయకూడదు.

‘అక్కడ కూర్చుని మన విశాఖ కంపెనీకే వర్క్ ఫ్రం హోమ్ చేస్తే జీతం ఇక్కడి బ్యాంకులోనే పడుతుంది కదా, ఎవరికి తెలుస్తుంది’ అని నీకు తప్పకుండా ఒకరు చెబుతారు. చెప్పేది ఎక్కువగా చుట్టాలే. ఈఏడీ లేకుండా అమెరికా గడ్డ మీద కూర్చుని చేసే పని ఎవరికి చేసినా అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుందనే లాయర్లు హెచ్చరిస్తారు. రేపు గ్రీన్ కార్డు దగ్గర ‘అనుమతి లేకుండా పని చేశారా’ అని అడిగిన చోట నువ్వే సంతకం పెట్టాలి. ఆ డబ్బు ముట్టుకోకు.

ఇక మీ నాన్నగారి ఎనిమిది లక్షలు. ఆయన ఆ అప్పుని నీ అమెరికా జీతంతో తీర్చొచ్చని చేస్తున్నారు. ఆ జీతం ఎప్పుడొస్తుందో ఐ-140 చెప్పాలి, అదింకా ఏ మెట్టు మీద ఉందో తెలియదు. ఇంటి లోను, పెళ్లి అప్పు, తమ్ముడి ఫీజు ఈ మూడూ నీ ఒక్క జీతం చుట్టూ తిరుగుతున్నాయి. ఆ జీతమే కొన్నాళ్లు ఆగుతుందంటే మూడింట్లో ఏదో ఒకటి తగ్గాలి. తగ్గించగలిగింది పెళ్లి ఖర్చే. కాగితం రాకముందు అప్పు చేయొద్దని ఆయనకి నువ్వే చెప్పాలి. ఇలాంటివి అమ్మ ద్వారా చెప్పిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు. ‘నాన్నా, రెండేళ్లు నాకు జీతం ఉండకపోవచ్చు’ అని ఎదురుగా కూర్చుని చెప్పు. జూట్ మిల్లులో లాకౌట్లు చూసిన మనిషికి జీతం లేని నెల అంటే ఏమిటో మనం వివరించక్కర్లేదు.

ఇదే మాట అబ్బాయితోనూ అనాలి. నువ్వు ఉద్యోగం లేకుండా ఉన్న కాలంలో మీ ఇంటి ఈఎంఐ ఎవరు కట్టాలి? అతను ‘నేను కడతాను’ అనొచ్చు. అంటే సంతోషం, కానీ ఎన్నాళ్లు, ఎంత, వాళ్ల ఇంట్లో తెలిసేనా అని కూడా అప్పుడే అనుకోండి. ‘అది మీ ఇంటి సంగతి’ అంటే, మనిషి మంచివాడే అయినా ఈ విషయంలో అతని ఆలోచన ఏమిటో పెళ్లికి ముందే నీకు తెలుస్తుంది. ఆ నెలల్లో నీ చేతి ఖర్చుకి విడిగా నీ పేరున ఖాతాలో ఎంత వేస్తాడన్నదీ ఇప్పుడే తేలాలి. ప్రేమ ఉన్నచోట లెక్కలేమిటి అనే వయసు నాకు దాటిపోయింది. లెక్కలు తేలనందుకే అమెరికాలో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు మంచివాళ్లు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

అతనికి పంపే మెసేజ్ నేనే రాసిపెడుతున్నాను, నీ మాటల్లోకి మార్చుకో:

‘మీతో ఒకటి మాట్లాడాలి, కోపం తెచ్చుకోకండి. నా ఉద్యోగం మీద మా ఇంట్లో లోను నడుస్తోంది. అందుకే అడుగుతున్నాను. మీ పెర్మ్ ఏ నెలలో ఫైల్ అయింది? ఐ-140 మంజూరైతే ఆ నోటీసు పంపండి, కాకపోతే కాలేదని చెప్పండి, ఫరవాలేదు, దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకుందాం. మీకు హెచ్-1బి స్టాంపింగ్ ఒక్కసారైనా అయిందా? కాకపోతే ముందు దానికి అపాయింట్‌మెంట్ చూడండి, ఆ తేదీని బట్టి ముహూర్తం పెట్టిద్దాం. సంతకాలు మాత్రం తాళి పడ్డాకే పెడతాను. వీసా చేతికొచ్చాకే రిజైన్ చేస్తాను. ఈ రెండూ మీ అమ్మగారికి మీరే చెప్పాలి, నేను చెబితే బాగుండదు.’

చివరి వాక్యం తీసేయకు. వాళ్లమ్మగారికి అతను ఎలా చెబుతాడో చూస్తే నీకు చాలా తెలుస్తుంది.

మర్చిపోయాను, పేరు సంగతి. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉందా, ఉత్త ఇనీషియల్ ఉందా ఇవాళే చూసుకో. మన జిల్లాల్లో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక అక్షరం, ఆధార్‌లో ఇంకోటి, పాస్‌పోర్టులో మూడోది ఉండటం మామూలే. పేరు రెండు భాగాలుగా లేకపోతే అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదని ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు, అక్కడ బ్యాంకులో ఆ మూడక్షరాలే నీ పేరని పిలుస్తారు. పెళ్లి సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో టైపు చేసే కుర్రాడి పక్కన నిలబడి చూసుకో. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని హెచ్-4 వీసాకి ఏ నియమమూ లేదు. మార్చాలని వాళ్లు పట్టుబడితే, వీసా వచ్చాక తీరుబడిగా చూసుకుందామను. ఇప్పుడు విశాఖ పాస్‌పోర్టు ఆఫీసుకి తిరిగే టైము నీకు లేదు.